ఈయూలో చేరాలా, వద్దా: అభ్యర్థి దేశాల ప్రజల మనసులో ఏముంది?

2024 అక్టోబరు 20న మోల్డోవా ప్రజలు ఐరోపా సమాఖ్యలో (ఈయూ) చేరడాన్ని తమ దేశ లక్ష్యంగా రాజ్యాంగంలో రాసుకోవాలా వద్దా అన్న ప్రశ్నపై ఓటేశారు. ఆ రాత్రి లెక్కింపులో చాలాసేపు ‘వద్దు’ ముందంజలో ఉంది. ఇటలీ, జర్మనీ, రొమేనియా వంటి దేశాలకు పనుల కోసం వెళ్లిన మోల్డోవా పౌరుల ఓట్లు చివర్లో వచ్చి కలిసేసరికి 50.35 శాతంతో ‘అవును’ గట్టెక్కింది. తేడా పదివేల పైచిలుకు ఓట్లు మాత్రమే. విదేశాల్లో ఓటేసినవారిలో నాలుగింట మూడొంతుల మందికి పైగా సరేనంటే, దక్షిణాన ఉన్న గగౌజియా అనే స్వయంపాలిత ప్రాంతంలో దాదాపు 95 శాతం మంది వద్దన్నారు. పెద్దయెత్తున ఓట్ల కొనుగోలు జరిగిందని ప్రభుత్వం ఆరోపించింది కూడా. అయితే అంతకుముందు జరిగిన చాలా సర్వేలు ‘అవును’కు ఇంతకంటే ఎంతో మెరుగైన ఆధిక్యం చూపించాయన్నది మరువరాదు.

ఇలాంటి సర్వేలు, ఓటింగులు జరిగినప్పుడు ప్రజలకు ఈయూ అంటే ఎంత ఇష్టమో తేలిపోయిందని అనుకోవడం పరిపాటి. నా దృష్టిలో అది పైపైన చదవడమే. ఈయూ ప్రధాన కార్యాలయాలున్న బ్రస్సెల్స్‌లో ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు, తెలుసుకునే తీరికా ఉండదు. తెలిసినదల్లా సొంత దేశపు కోర్టులు, జీతాలు, ఊళ్లో మిగిలిన, ఊరొదిలిపోయిన పిల్లలు. ఈయూ గురించి అడిగినప్పుడు కూడా వారిచ్చే జవాబులో ఎక్కువ భాగం సొంత ప్రభుత్వం మీద ఇచ్చే తీర్పే. స్పెయిన్ పరిశోధకుడు ఇగ్నాసియో సాంచెజ్-కుయెంకా 2000లో ప్రచురించిన అధ్యయనంలో దీన్ని స్పష్టంగా చెప్పాడు: తమ దేశ సంస్థల పనితీరుపై నమ్మకం తక్కువగా, ఐరోపా సంస్థలపై ఎక్కువగా ఉన్నచోట అధికారాన్ని పైకి అప్పగించడానికి జనం సులభంగా ఒప్పుకుంటారు. అల్బేనియాలో సభ్యత్వానికి మద్దతు ఏళ్ల తరబడి అత్యంత ఎక్కువగా ఉండడాన్ని ఈ వెలుగులో చూస్తే అర్థం చేసుకోవచ్చు. అవినీతికి అడ్డుకట్ట వేయడం సొంత నేతల వల్ల కానిది, బయటి నిబంధనల వల్ల అవుతుందన్న ఆశ అక్కడ బలంగా ఉంది.

దీనికి అవతలి కొసన నార్వే కనిపిస్తుంది. చమురు ఆదాయంతో, గట్టి సంక్షేమ వ్యవస్థతో నిలదొక్కుకున్న ఆ దేశంలో 1994 నవంబరు 28న 52.2 శాతం మంది సభ్యత్వాన్ని తిరస్కరించారు. పొరుగున ఉన్న ఫిన్లండ్, స్వీడన్ కొద్దివారాల ముందే సరేనన్నా నార్వే మనసు మారలేదు. రాజధాని ఓస్లోలో మూడింట రెండొంతుల మంది చేరదామంటే, చేపల వేటపై ఆధారపడిన ఉత్తరాది ఫిన్‌మార్క్‌లో నాలుగింట మూడొంతుల మంది వద్దన్నారు. తమ సముద్రంలో ఎవరు ఎంత చేప పట్టాలో దూరంగా ఉన్నవారు తేల్చడం వారికి ససేమిరా గిట్టలేదు.

ప్రశ్న అడిగే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఈయూ ఒకేసారి పది దేశాలను చేర్చుకున్న 2004 విస్తరణకు ముందు అభ్యర్థి దేశాల్లో ఈయూ జరిపించిన యూరోబారోమీటర్ సర్వేల్లో ‘సభ్యత్వం మన దేశానికి మంచిదా, చెడ్డదా, మంచీ చెడూ రెండూ కాదా’ అని అడిగేవారు. ఎస్తోనియాలో 2003 వసంతంలో మంచిదన్నవారు మూడింట ఒక వంతు దరిదాపుల్లోనే ఉన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో జరిగిన రెఫరెండంలో 66.8 శాతం ‘అవును’ అన్నారు. ఆర్నెల్లలో దేశమంతా మనసు మార్చుకుందని దీని అర్థం కాదు. సర్వేలో ఉన్న మూడో గడి ఓటు కాగితంపై లేదు. మధ్యలో నిలబడ్డవారు ఎటో ఒకవైపు అడుగు వేయక తప్పని పరిస్థితి వచ్చినప్పుడు, రష్యా పొరుగున ఒంటరిగా మిగలడం కంటే చేరడమే మేలనుకున్నవారు ఎక్కువయ్యారు. అందుకే మద్దతు శాతం కంటే ‘మంచీ కాదు, చెడూ కాదు’ అన్నవారి శాతాన్ని నేను శ్రద్ధగా చూడమంటాను.

ఎదురుచూపు సాగేకొద్దీ ఈ మధ్యస్థులు పెరుగుతారు, మద్దతు కరుగుతుంది. 1987లో దరఖాస్తు చేసి, 1999లో అభ్యర్థి హోదా పొందిన తుర్కియేలో (టర్కీ), సభ్యత్వం మంచిదన్నవారు 2004లో 73 శాతం ఉండగా 2010 నాటికి 38 శాతానికి పడిపోయారు. ఈయూ సభ్యదేశమైన సైప్రస్‌తో వివాదం వల్ల 2006లో చర్చల్లో కొంత భాగం నిలిచిపోవడం, తమను ఎప్పటికీ చేర్చుకోరన్న అనుమానం బలపడడం ఇందుకు కారణాలు. సెర్బియాలో 2009 చివర్లో వీసా లేని ప్రయాణానికి దారి తెరుచుకున్న రోజుల్లో 70 శాతం దాటిన మద్దతు ఇటీవలి సర్వేల్లో సగానికి దిగువన ఉంటోంది. తమ నుంచి విడిపోయిన కొసోవోను చాలా ఈయూ దేశాలు గుర్తించడంతో గాయపడిన మనసు అక్కడ ఆర్థిక లాభాల లెక్కకు లొంగదు.

ఇక ఓటు వేయనివారి మౌనానికి ఏ విలువ ఇవ్వాలన్నది నిబంధనలు తేలుస్తాయి. క్రొయేషియా సగం మంది ఓటర్లు పోలింగ్‌కు రావాలన్న షరతును 2010లో రాజ్యాంగం నుంచి తొలగించింది. 2012 జనవరిలో 43.5 శాతం మందే వచ్చినా, వారిలో 66 శాతం సరేనన్నందున దేశం మరుసటి ఏడాది సభ్యురాలైంది. 2018 సెప్టెంబరులో మాసిడోనియా (నేటి ఉత్తర మాసిడోనియా) గ్రీసుతో కుదిరిన తన పేరు మార్పు ఒప్పందాన్ని అంగీకరించి ఈయూలో, నాటో సైనిక కూటమిలో చేరడానికి సమ్మతమా అని అడిగింది. ఓటేసినవారిలో 90 శాతానికి పైగా సమ్మతించారు, కానీ పోలింగ్ 37 శాతం దగ్గరే ఆగింది. అక్కడ సగం మంది హాజరు కావాలన్న షరతు ఇంకా ఉంది. పైగా ఓటర్ల జాబితాలోని 18 లక్షల పేర్లలో చాలామంది ఏళ్ల క్రితమే విదేశాలకు వెళ్లిపోయినవారు. చివరకు పేరు మార్పును పార్లమెంటు ఆమోదించాల్సి వచ్చింది.