బ్యాటరీ గబగబా నిండుతోందా? అయితే అనుమానించాల్సిందే

పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కారు పాతబడ్డాక, దాన్ని నడిపేవాళ్లు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు "ఛార్జింగ్ నిలవట్లేదు" అని. ఇంకాస్త తరచి అడిగితే రెండో సంగతి బయటికొస్తుంది. ఎక్కడం మాత్రం భలే ఎక్కుతోందట! చిన్న పల్లం దిగేసరికి స్క్రీన్ మీద గీతలన్నీ నిండిపోతాయి. ఏసీ వేసుకుని కాసేపు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, అడుగంటిపోతాయి. ఇంజిన్ అయినదానికీ కానిదానికీ స్టార్ట్ అవుతుంది. మైలేజీ పడిపోతుంది. గీతలు నిండుతున్నాయి కాబట్టి బ్యాటరీ బాగానే ఉందని, తప్పు ఇంకెక్కడో ఉందని చాలామంది వెతుకుతారు. నిజానికి అంత తొందరగా నిండడమే జబ్బు.

పూడిక పడిన చెరువు చిన్న వానకే అలుగు పోస్తుంది, నాలుగు రోజుల ఎండకే అడుగు కనిపిస్తుంది. కట్ట ఎత్తు అంతే ఉన్నా లోపల నీళ్లు పట్టే చోటు తగ్గిపోయింది. ముసలి బ్యాటరీ సంగతీ ఇంతే. వోల్టేజి చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది, నిలవ చేసుకునే శక్తి మాత్రం ఉండదు. అందుకే ఊరికే మీటరు పెట్టి వోల్టులు చూసి "బ్యాటరీ ఓకే" అనే పరీక్ష హైబ్రిడ్ విషయంలో దాదాపు దండగ.

ఎందుకో తెలియాలంటే డబ్బా లోపల ఏముందో చూడాలి. 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన టొయోటా ప్రియస్‌తో హైబ్రిడ్‌లు పెద్ద ఎత్తున రోడ్డెక్కాయి. ఆ కాలం బళ్లలో ఉన్నవి నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు. రెండో తరం ప్రియస్‌నే తీసుకుందాం. ఒక్కో సెల్ 1.2 వోల్టులు. ఆరు సెల్స్ కలిపితే 7.2 వోల్టుల మాడ్యూల్. అలాంటి 28 మాడ్యూల్స్‌ని వరసగా కలిపితే 201.6 వోల్టులు. సామర్థ్యం 6.5 ఆంపియర్ అవర్లు. గుణిస్తే సుమారు 1.3 కిలోవాట్ అవర్లు, అంతే. కారు దాన్ని కూడా మొత్తం వాడుకోదు. దాదాపు 40 నుంచి 80 శాతం మధ్యలోనే తిప్పుతుంది. పూర్తిగా నింపకుండా, పూర్తిగా ఖాళీ చేయకుండా మధ్యలో ఆడించడం వల్లే ఈ బ్యాటరీలు పదేళ్లకు పైగా బతికాయి. స్క్రీన్ మీద గీతలు "ఫుల్" అన్నప్పుడు కూడా లోపల సుమారు 80 శాతమే ఉంటుందన్న సంగతి చాలామంది ఓనర్లకి తెలియదు.

ఆ గీతలు కొలత కూడా కాదు, లెక్క. బ్యాటరీ కంప్యూటర్ కరెంటు సెన్సర్‌ని చూస్తూ లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని జమాఖర్చు రాసుకుంటుంది. నికెల్ సెల్స్‌లో మధ్య భాగమంతా వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి వోల్టులు చూసి ఎంత నిండిందో చెప్పడం కష్టం. అందుకే ఈ లెక్క. అయితే ఏ ఒక్క చోటైనా వోల్టేజి హద్దు దాటిందంటే కంప్యూటర్ తన లెక్కని పక్కన పెట్టేసి "నిండిపోయింది" అనో "అయిపోయింది" అనో తీర్మానిస్తుంది. గీతలు ఉన్నట్టుండి నాలుగైదు మెట్లు దూకడానికి కారణం ఇదే. బండి నడుస్తుండగా ఆ దూకుడు కనిపిస్తే అది బ్యాటరీ ఇచ్చిన మొదటి ఫిర్యాదు అనుకోవచ్చు. వార్నింగ్ లైటు వెలగడానికి ఇంకా చాలాకాలం పట్టొచ్చు.

ఇక్కడే పెద్ద బ్యాటరీ మీద తీర్పు ఇచ్చేయకూడదు. ముందు చిన్నదాన్ని చూడాలి. హైబ్రిడ్‌లోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. ప్రియస్‌లో అది ఇంజిన్‌ని తిప్పదు. ఆ పని పెద్ద బ్యాటరీతో నడిచే మోటారుది. చిన్న బ్యాటరీ కంప్యూటర్లని లేపి, పెద్ద బ్యాటరీని మిగతా బండితో కలిపే రిలేలని, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులని, ఆన్ చేస్తుంది. ఇది నీరసపడితే కంప్యూటర్లు సగం మెలకువలో తప్పుడు కబుర్లు చెప్తాయి. బ్రేకు లైటు, హైబ్రిడ్ లైటు, ఇంకేవో లైట్లు ఒక్కసారిగా వెలిగి జాతర చేస్తాయి. వేలకి వేలు ఖర్చయ్యే పెద్ద రిపేరని భయపడిన బళ్లు కొన్ని ఈ చిన్న బ్యాటరీ మార్చగానే మామూలైపోతాయి.

దీన్ని పరీక్షించడానికి మామూలు మల్టీమీటర్ చాలు. బండి కొన్ని గంటలు ఆపి ఉంచాక 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 కన్నా కిందికి పడితే దాదాపు ఖాళీ. ఒక చిన్న కిటుకు ఉంది. రెండో తరం ప్రియస్‌లో డ్రైవర్ తలుపు తీయగానే బ్రేక్ పంపు గుయ్యిమని మొదలవుతుంది. ఆ క్షణంలో చూస్తే అంకె నిజం కన్నా తక్కువ కనిపిస్తుంది, కాస్త ఆగి చూడాలి. తర్వాత బండిని రెడీ మోడ్‌లో, అంటే కదలడానికి సిద్ధంగా, పెట్టి మళ్లీ కొలవాలి. ఇప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. ఈ బళ్లలో ఆల్టర్నేటర్ ఉండదు. పెద్ద బ్యాటరీ వోల్టేజిని కిందికి దించి చిన్నదాన్ని నింపే డీసీ-డీసీ కన్వర్టర్ ఉంటుంది. రెడీలో కూడా 12.4 దగ్గరే కదలకుండా ఉంటే బ్యాటరీని కాదు, కన్వర్టర్‌నీ దాని ఫ్యూజునీ అనుమానించాలి.

రెండోది ఫ్యాన్. పెద్ద బ్యాటరీని చల్లబరిచేది కారు లోపలి గాలే. వెనక సీటు పక్కన ఒక జాలీ ఉంటుంది, ఫ్యాన్ అక్కడి నుంచి గాలి లాగుతుంది. దాని మీద బట్టలు, సంచులు పడేసి దారి మూసేస్తారు. కుక్కని ఎక్కించుకునే వాళ్ల బళ్లలో బొచ్చు, దుమ్ము కలిసి ఫ్యాన్ రెక్కల మీద దళసరిగా పేరుకుంటాయి. వెనక సీటు నుంచి ఫ్యాన్ హోరు ఎక్కువగా వినిపిస్తుంటే లోపల వేడిగా ఉన్నట్టే. నికెల్ సెల్‌కి వేడి రెండు రకాల చేటు. వేడెక్కిన సెల్‌లోకి పంపిన కరెంటులో కొంత ఛార్జ్‌గా మారకుండా ఆక్సిజన్ పుట్టించడానికి పోతుంది. ఆ ఆక్సిజన్ మళ్లీ లోపలే కలిసిపోతూ ఇంకా వేడి పుట్టిస్తుంది. ఇది గమనించి కంప్యూటర్ ఛార్జింగ్ కరెంటుని తగ్గించేస్తుంది. అప్పుడు "ఛార్జింగ్ ఎక్కట్లేదు" అన్న మాట అక్షరాలా నిజం. గాలి సరిగ్గా చేరని మధ్య మాడ్యూల్స్ ముందుగా ముసలివవుతాయి. అంచుల్లో ఉన్నవి ఎక్కువకాలం నిలబడతాయి.

ఇక స్కానర్, అంటే కారు కంప్యూటర్ దాచుకున్న తప్పుల కోడ్లు చదివే పరికరం. పి0ఏ80 అన్న కోడ్ కనిపిస్తే చాలామంది గుండె గుభేలుమంటుంది, ఎందుకంటే దాని అర్థమే "హైబ్రిడ్ బ్యాటరీ మార్చండి" అని. నన్నడిగితే ఆ కోడ్‌కి పెట్టిన పేరే తప్పు. అది రోగనిర్ధారణ కాదు, మందుల చీటీ! లోపల బ్లాకుల (కంప్యూటర్ ఒక్కటిగా కొలిచే రెండేసి మాడ్యూల్స్ జతల) మధ్య తేడా మితిమీరిందని కంప్యూటర్ చెప్తోంది, అంతవరకే. తేడా ఎందుకొచ్చిందో మనం చూసుకోవాలి. పి3011 నుంచి పి3024 వరకు ఉన్న కోడ్లు ఇంకాస్త పనికొస్తాయి. పద్నాలుగు బ్లాకుల్లో ఏది నీరసించిందో నంబరుతో చెప్తాయి. కోడ్లు చెరిపేసే ముందు వాటితో పాటు దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్‌ని రాసుకోవడం మరిచిపోకూడదు. లైటు వెలిగిన క్షణంలో వేగం, వేడి, కరెంటు ఎంతెంతో అందులో ఉంటాయి. లైటు పోవాలని 12 వోల్టుల టెర్మినల్ పీకేస్తే ఆ సాక్ష్యం పోవచ్చు, జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు.

అసలు పరీక్ష బండి నడుస్తున్నప్పుడే. మామూలు స్కానర్ చాలదు, బ్లాకుల వోల్టేజి విడివిడిగా చూపించే యాప్ ఉండాలి. పక్క సీట్లో ఇంకొకరు కూర్చుని స్క్రీన్ చూడాలి. డ్రైవర్ చూడకూడదు. ఉదాహరణకి ఆగి ఉన్నప్పుడు పద్నాలుగు బ్లాకులూ 15.6, 15.7 చూపిస్తున్నాయనుకుందాం. చూడముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. పదమూడు బ్లాకులు 14.2 దగ్గరికి దిగితే ఆరో నంబరు బ్లాకు 12.6కి జారింది. బ్రేకు వేశాక కరెంటు తిరిగి లోపలికి వస్తున్నప్పుడు మిగతావి 16.8కి ఎక్కితే ఆ ఆరోదే 17.8కి ఎగిరింది. కాలు తీసేయగానే అన్నీ మళ్లీ 15.7కి చేరి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి. రెండు వైపులా మితిమీరి ఊగుతోంది కాబట్టి ఆ బ్లాకులో అంతర్గత నిరోధం పెరిగింది, లేదా నిలవ సామర్థ్యం తగ్గింది. గీతలు పైకీ కిందికీ దూకడానికి కారణం ఈ ఒక్క బ్లాకే. మిగతా పదమూడూ బాగానే ఉన్నా, ఇది హద్దు తాకగానే కంప్యూటర్ మొత్తం బ్యాటరీని ఆపేస్తుంది.

ఆగి ఉన్నప్పుడు కూడా ఒక బ్లాకు ఎప్పుడూ ఒకటింపావు వోల్టు తక్కువే చూపిస్తుంటే కథ వేరు. అందులో ఒక సెల్ పూర్తిగా చచ్చిపోయి షార్ట్ అయి ఉండాలి. వరసలో కలిపిన సెల్స్‌లో బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది. మిగతావి కరెంటు తోస్తూనే ఉంటాయి కాబట్టి అది ఖాళీ అయ్యాక కూడా తలకిందులుగా ఛార్జ్ అవుతుంది. అలా కొన్నిసార్లు జరిగితే సెల్ తిరిగి కోలుకోదు.

మెకానిక్‌లు కూడా పొరబడే చోటు ఒకటుంది. ఐదో బ్లాకు ఒక వోల్టు తక్కువ, పక్కనున్న ఆరో బ్లాకు సరిగ్గా ఒక వోల్టు ఎక్కువ. రెండూ కలిపితే మొత్తం సరిగ్గానే ఉంది. ఇలా కనిపిస్తే సెల్స్‌ని తిట్టక్కర్లేదు. రెండు బ్లాకులకీ మధ్యలో వోల్టేజి కొలిచే సన్నని తీగ ఒకటే. ఆ తీగ కొసన చిలుము పడితే హద్దురాయి జరిగినట్టు ఒకరి వాటా ఇంకొకరి ఖాతాలో పడుతుంది. మాడ్యూల్స్‌ని కలిపే రాగి పట్టీల మీద కూడా పచ్చగానో నల్లగానో చిలుము పేరుకుంటుంది. అది కరెంటు దారిలో అదనపు నిరోధమై, లోడ్ మీద అచ్చం పాడైన బ్లాకులాగే నటిస్తుంది. పట్టీలు శుభ్రం చేసి, నట్లు టార్క్ రెంచితో నిర్ణీత బిగువుకి బిగిస్తే బాగుపడేవీ ఉంటాయి.

ఇవన్నీ బాగుండీ ఛార్జ్ ఎక్కకపోతే బ్యాటరీ బయట చూడాలి. బ్యాటరీ కరెంటుని మోటారుకి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌ని చల్లబరిచే నీళ్ల పంపు ఆగిపోతే ఇన్వర్టర్ వేడెక్కి శక్తిని కత్తిరిస్తుంది. కరెంటు సెన్సర్ కొంచెం తప్పు చూపించినా జమాఖర్చు రోజురోజుకీ పక్కకి జరుగుతుంది. బండి కదలకుండా ఉన్నప్పుడు, ఏసీ, లైట్లు అన్నీ ఆపినప్పుడు స్కానర్‌లో కరెంటు సున్నా దగ్గరికి రావాలి, రాకపోతే అనుమానించాలి. తప్పే లేని సందర్భం కూడా ఉంది. గేరు ఎన్‌లో ఉంటే ప్రియస్ పెద్ద బ్యాటరీని అసలు ఛార్జ్ చేయదు. ట్రాఫిక్‌లో చాలాసేపు ఎన్‌లో పెట్టి ఏసీ వేసుకుంటే గీతలు అడుగంటడం బండి లోపం కాదు. అలాంటప్పుడు పి లో పెడితే ఇంజిన్ తనంతట తానే స్టార్టయి నింపుకుంటుంది. పెట్రోల్ పూర్తిగా అయిపోయాక కూడా కరెంటు మీద లాగుతూ పోయేవాళ్ల కష్టం ఇంకా పెద్దది. పెద్ద బ్యాటరీ ఖాళీ అయితే ఇంజిన్‌ని తిప్పేవాళ్లే ఉండరు. 12 వోల్టుల జంప్ స్టార్ట్ అక్కడ ఏమీ చేయలేదు.

డబ్బా తెరవడం మాత్రం ఇంట్లో చేసే పని కాదు. 200 వోల్టుల డీసీ ప్రాణం తీస్తుంది. ఆరెంజ్ రంగు వైర్లు ఉన్నవి అందుకే. శిక్షణ ఉన్నవాళ్లు కూడా 12 వోల్టుల బ్యాటరీని విడదీసి, సర్వీస్ ప్లగ్ పీకి, ఇన్వర్టర్ కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా కనీసం పది నిమిషాలు ఆగి, 1000 వోల్టుల రేటింగ్ ఉన్న ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకునే చెయ్యి పెడతారు. ప్లగ్ పీకినంత మాత్రాన బ్యాటరీ చల్లారదు. రెండు ముక్కలుగా విడిపోతుంది, ఒక్కో ముక్కలో ప్రమాదకరమైన వోల్టేజి అలాగే ఉంటుంది.

పాడైన మాడ్యూల్ ఒక్కటే మార్చి చవకగా బయటపడదామన్న ఆశ సహజం. మిగతావన్నీ అదే వయసువి. కొత్తగా పెట్టినది 6 ఆంపియర్ అవర్లు పట్టి, పక్కది 3 పడితే మళ్లీ తేడా మొదలవుతుంది. కొన్ని నెలలకి ఇంకోటి పోతుంది. డీప్ డిశ్చార్జ్ చేసి, నెమ్మదిగా నింపి, మళ్లీ మళ్లీ తిప్పే రీకండిషనింగ్‌తో కొంత ఫలితం ఉంటుంది. ఎప్పుడూ మధ్యలోనే ఆడడం వల్ల పడిపోయిన వోల్టేజి తిరిగొస్తుంది, సెల్స్ ఒక సమానానికి వస్తాయి. లోపల ద్రవం ఆరిపోయి, లోహమిశ్రమం తుప్పు పట్టిన సెల్‌కి మాత్రం ఎన్నిసార్లు తిప్పినా ఒరిగేదేమీ లేదు. ఒకే బ్లాకు తేడాగా ఉండి, మిగతావి లోడ్ మీద అరవోల్టు లోపే కలిసి నడుస్తుంటే మాడ్యూల్ మార్చడంలో అర్థం ఉంది. నాలుగైదు బ్లాకులు తలోవైపు ఊగుతుంటే ఆ డబ్బు కొత్త బ్యాటరీకి దాచుకోవడం మేలు.

రిపేరు అయ్యాక కూడా అదే పరీక్ష మళ్లీ చేయించాలి. ఎక్కుడు మీద ఒకసారి, దిగుడు మీద ఒకసారి బ్లాకుల అంకెలు స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుని, కొన్ని వారాల తర్వాత దాదాపు అదే వేడిలో, అదే రోడ్డు మీద మళ్లీ తీసి పోల్చాలి. అప్పటికీ బ్లాకులన్నీ కలిసే కదులుతుంటే పని సరిగ్గా జరిగినట్టు. తేడా నెమ్మదిగా పెరుగుతుంటే వారంటీ గడువు దాటకముందే మెకానిక్ దగ్గరికి వెళ్లాలి, ఆ స్క్రీన్‌షాట్లతో.