పంచ్ డైలాగులు: కొత్త రచయితల అపోహలు, అసలు వాస్తవాలు

సినిమాలకి మాటలు రాయాలని నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు చాలామంది కథ చెప్పరు. ముందు ఫోన్ తీసి అందులో దాచుకున్న లైన్లు చదువుతారు. "ఏ హీరోకైనా సెట్ అవుతాయి సార్" అంటారు. ఆ మాట వినగానే నాకు దిగులేస్తుంది. నాలుగైదేళ్ళు ఇలా లైన్లు పోగేసుకుంటూ, ఒక్క సీన్ కూడా పూర్తిగా రాయకుండా హైదరాబాద్‌లో సినిమా అవకాశాల కోసం వచ్చినవాళ్ళు ఉండే కృష్ణానగర్ రూముల్లో గడిపేసినవాళ్ళని చూశాను.

అపోహ: జనానికి గుర్తుండాలంటే ప్రాస ఉండాలి, సవాలు ఉండాలి, పంచ్ పేలాలి.

వాస్తవం: జనానికి గుర్తుండేది సందర్భం. మాట దాని వెంట వస్తుంది. 'ముత్యాల ముగ్గు' (1975)లో రావుగోపాలరావు "కూసింత కలాపోసన ఉండాలి" అంటాడు. అందులో ప్రాస లేదు, తొడగొట్టడం లేదు. డబ్బు కోసం ఒక కాపురం కూల్చడానికి వెనకాడని కాంట్రాక్టరు తీరిగ్గా కళల గురించి మాట్లాడుతున్నాడు. ముళ్ళపూడి వెంకటరమణ ఆ మాట ఇంకెవరి నోట పెట్టినా మనం వినేసి ఊరుకునేవాళ్ళం. 'పాతాళ భైరవి' (1951)లో పింగళి నాగేంద్రరావు రాసిన "సాహసం శాయరా డింభకా" కూడా అంతే. విడిగా చదివితే అది మామూలు ప్రోత్సాహం. కానీ తోటరాముణ్ణి బలివ్వడానికే మాంత్రికుడు తీసుకెళ్తున్నాడని మనకి తెలుసు, రాముడికి తెలీదు. ఎస్వీ రంగారావు గొంతు ఎంత గొప్పదైనా, ఆ మాటకి బలం మనకి తెలిసిన ఆ నిజం నుంచే వచ్చింది.

అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్ళని అడిగేది ఒకటే: ఈ లైన్ ఎవరు, ఎవరితో, ఏం జరిగాక అంటున్నారు? చాలామంది దగ్గర జవాబుండదు.

ఒకబ్బాయి పల్నాడు నుంచి వచ్చాడు. వాడి పంచ్‌లన్నీ విన్నాను, ఒక్కటీ పట్టుకోలేదు. టీ తాగుతూ వాళ్ళ నాన్న గురించి చెప్పాడు. ఆయన ఎరువుల షాపులో అప్పు మీద బస్తాలు తీసుకుంటున్నాడట. అదే టైముకి కూతురికి సంబంధం మాట్లాడుతున్నవాళ్ళు షాపులోకి వచ్చారు. గుమాస్తా ఖాతా పుస్తకం తెరిచాడు. నాన్న దగ్గరికి జరిగి, "అప్పు రాసుకో గానీ, పేరు గట్టిగా చదవమాకయ్యా" అన్నాడట. ఆ అబ్బాయి అది చెప్పేసి మళ్ళీ ఫోన్‌లో పంచ్‌లు వెతుక్కుంటున్నాడు. "ఒరేయ్, ఆ ఫోన్ పక్కన పెట్టు. ఇప్పుడు చెప్పిందే డైలాగు. ముందు ఆ షాపు సీన్ రాసుకురా" అన్నాను. రాసుకొచ్చాడు. మొదటి వెర్షన్‌లో ఆ మాట తర్వాత నాన్న చేత పేదరికం మీద అరపేజీ మాట్లాడించాడు. అదంతా కొట్టేయించడానికి మూడు సిట్టింగులు పట్టింది.

"నాకు పంచ్‌లు రావు సార్, నేను పనికిరానేమో" అని టెన్షన్ పడేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకి నేను గట్టిగా చెప్తాను. ఇంట్లో మనుషులు ఎప్పుడు మాట మింగేస్తారో, ఎప్పుడు ఒకటి అనబోయి ఇంకోటి అంటారో గమనించే చెవి మీకుంటే చాలు. మిగతాది రాస్తుంటే వస్తుంది.

అపోహ: పొడుగు డైలాగు నిలవదు. 'దానవీరశూరకర్ణ' (1977)లో కొండవీటి వెంకటకవి రాసిన "ఏమంటివి, ఏమంటివి" ఎంత పొడుగో చూడండి, అందులో ఎన్ని సమాసాలో చూడండి. అయినా కుర్రాళ్ళు ఇప్పటికీ అప్పజెప్తారు. నిండు సభలో కర్ణుణ్ణి కులం అడిగి తలదించుకునేలా చేశాక దుర్యోధనుడు లేస్తాడు. అప్పటికి ప్రేక్షకుడి కడుపు రగిలిపోతూ ఉంటుంది, ఎంతసేపైనా వింటాడు.

అపోహ: యాస పెడితే సహజంగా ఉంటుంది. యాస ఒక్కటే చాలదు. శ్రీకాకుళం యాసలో రాసినా అబద్ధం అబద్ధంలాగే వినిపిస్తుంది.

ఇక లైన్లు ఎవరో కొట్టేస్తారన్న భయం. ఈ భయంతో కథ ఎవరికీ చెప్పనివాళ్ళున్నారు. ఆలోచనకి కాపీరైట్ ఉండదని, దాన్ని రాసిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. విడి లైన్ ఒక్కటి పట్టుకుని నాది అని నిలబడటం చాలా కష్టం. సీన్లతో సహా పూర్తి స్క్రిప్ట్ ఉంటే మీ చేతిలో ఆధారం ఉన్నట్టు. హక్కు రాసినప్పుడే వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ రేపు గొడవొస్తే తేదీ చూపించుకోవాలి కాబట్టి రచయితల సంఘంలోనో కాపీరైట్ ఆఫీసులోనో రిజిస్టర్ చేయించుకోండి. నెరేషన్‌కి, అంటే సినిమావాళ్ళకి కథ చెప్పడానికి వెళ్ళే ముందు పీడీఎఫ్ మీకు మీరే మెయిల్ చేసుకోండి. "నాకు తెలిసినవాళ్ళున్నారు, రిజిస్ట్రేషన్ నేను చేయిస్తా" అని మధ్యలో ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. ఆ పని మీరే వెళ్ళి చేసుకోవచ్చు.