చుక్క బొంతకు పట్టిన వాసన పోవాలంటే

పర్లాకిమిడి

గుణుపురంలోని చిరంజీవులందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. మీ ముసలి కుక్క చుక్క పడుకునే బొంత ఎంత ఉతికినా మూత్రం వాసన పోవడం లేదనీ, వాన పడితే వసారా అంతా అదే కంపనీ, బొంతతోపాటు చుక్కను కూడా పశువుల శాలలోకి మార్చేద్దామని పెద్దవాళ్ళు అనుకుంటున్నారనీ రాశారు. చదవగానే మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళు గుమ్మం కాచిన ప్రాణి అది. ముసలితనంలో పక్క తడిపిందని బయటికి నెట్టడం న్యాయం కాదు, పిల్లలూ. అంత అవసరం కూడా లేదు. ఆ వాసన ఎక్కడ పుడుతోందో తెలుసుకుంటే వదిలించడం మీ చేతనయ్యే పనే.

మూత్రం పోసిన వెంటనే అంత ఘాటుగా ఉండదు. గమనించే ఉంటారు, కంపు కొట్టేది మర్నాటికి. అందులో చాలా భాగం నీళ్ళే. ఆ నీళ్ళలో కరిగి ఉన్నవాటిలో ముఖ్యమైనది యూరియా. పొలంలో చల్లే తెల్ల పూసల ఎరువు ఉంది కదా, ఆ యూరియా, ఈ యూరియా ఒకే పదార్థం. ప్రాణుల ఒంట్లో తప్ప ఇంకెక్కడా తయారుకాదని ఒకప్పుడు అనుకునేవారు. 1828లో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ వోలర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించారు. యూరియాకు దానంతట దానికి వాసన లేదు. గుడ్డలో, మట్టిలో ఉండే సూక్ష్మజీవుల్లో కొన్నింటి దగ్గర యూరియేజ్ అనే ఎంజైము, అంటే రసాయన మార్పును వేగంగా జరిపించే పదార్థం, ఉంటుంది. అది యూరియాను విడగొట్టి అమ్మోనియాను, కార్బన్ డయాక్సైడును పుట్టిస్తుంది. ముక్కుపుటాలు మండించేది ఆ అమ్మోనియాయే. తడి నేల మీద యూరియా చల్లి మట్టిలో కలపకుండా వదిలేస్తే సగం బలం గాలిలో పోతుందని మీ నాన్న అంటూ ఉంటాడే, పొలంలో జరిగే ఆ పనే చుక్క బొంతలోనూ జరుగుతోంది.

ఈ యూరియేజ్‌కు ఒక కథ ఉంది, చెప్పకుండా ఉండలేను. అమెరికాలో జేమ్స్ సమ్నర్ అనే ఆయనకు పదిహేడో ఏట వేటలో ప్రమాదం జరిగి ఎడమ చేయి పోయింది. ఆయనది ఎడమచేతి వాటం. పనులన్నీ కుడిచేత్తో మళ్ళీ నేర్చుకున్నారు. ఒంటిచేత్తో రసాయనశాస్త్రం ఏం చేస్తావని పెద్దలు వద్దన్నా వినలేదు. 1926లో జాక్ బీన్ అనే గింజల నుంచి యూరియేజ్‌ను స్ఫటికాలుగా విడదీశారు. ఆ మొక్క మన తమ్మకాయకు దగ్గరి చుట్టం. ప్రపంచంలో ఒక ఎంజైమును అలా స్ఫటికంగా తీయడం అదే మొదటిసారి. ఎంజైములు ప్రోటీన్లేనని ఆయన చెబితే పేరున్న శాస్త్రవేత్తలు చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి 1946లో నోబెల్ బహుమతి వచ్చింది. మీరు ముక్కు మూసుకుని తిట్టుకునే వాసన వెనుక ఇంత పట్టుదల ఉంది.

ఇక బొంత సంగతి. అది నేను కుట్టిందే కాబట్టి దాని లోపల ఏముందో నాకు తెలుసు. పైనా కిందా నూలు చీరలు, మధ్యలో పాత దుప్పటి ముక్కలు. ఒక పక్క కుట్టు విప్పి లోపలి పొర చూడండి. పైన ఏమీ కనిపించకపోయినా లోపల పసుప్పచ్చని వలయం ఉంటుంది. దాని నడుమ కంటే అంచు ముదురుగా ఉంటుంది, అక్కడ ముక్కు పెడితే వాసన కూడా ఎక్కువే. మూత్రం గుడ్డలో పక్కలకు పాకుతూ ఆరుతుంది, అందులోని లవణాలు, మిగతా సరుకంతా అంచు దగ్గర పేరుకుంటాయి. మీరు సబ్బు రాసి బండమీద బాదినప్పుడు పై పొర శుభ్రపడింది, మధ్య పొర అలాగే ఉండిపోయింది. ఆరినన్నాళ్ళు గమ్మున ఉంటుంది. వాన గాలి తగలగానే ఆ లవణాలు తేమను పీల్చుకుంటాయి, సూక్ష్మజీవులు మళ్ళీ పనిలోకి దిగుతాయి, అమ్మోనియా బయటికి వస్తుంది. అందుకే ఎండాకాలం లేని కంపు ఆషాఢంలో మొదలైంది.

కనుక కప్పిపుచ్చే పనులన్నీ మానేయండి. అగరుబత్తీలు, సెంటు, కర్పూరం వల్ల రెండు వాసనలు కలిసి ఇంకా కడుపులో తిప్పుతుంది. ఫినాయిల్‌తో కడగడం అసలు వద్దు. అందులోని మందులు ఆ గుడ్డమీద పడుకుని ఒళ్ళు నాకుకునే జంతువుకు విషం. పిల్లులకైతే మరీ ప్రమాదం, వాటి కాలేయం అలాంటి పదార్థాలను సరిగా విరగ్గొట్టలేదు. బట్టల పెట్టెలో వేసే నాఫ్తలీన్ ఉండలు కూడా బొంత దరికి రానివ్వకండి.

బ్లీచింగ్ పౌడర్ గురించి గట్టిగా చెబుతున్నాను. మూత్రం నానిన గుడ్డమీద అది చల్లితే అందులోని క్లోరిన్, అమ్మోనియా కలిసి క్లోరమైన్లనే విషవాయువులు పుడతాయి. కళ్ళు మండుతాయి, ఊపిరి ఆడదు. వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువే వస్తుంది. స్నానాలగదిలాంటి ఇరుకు చోట ఇది ప్రాణం మీదికి తెస్తుంది. బ్లీచింగ్ డబ్బా ఉన్న చోటికి బొంతను తీసుకెళ్ళనే వద్దు.

ఇప్పుడు ఉతికే పద్ధతి. ముందు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. వానాకాలంలో కుక్కల, ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకవచ్చు, చేతిమీద చిన్న గీత ఉన్నా క్రిములకు అదే దారి. బొంత విప్పి పొరలు వేరు చేయండి. వెంట్రుకలు దులిపి, ఒక్కో పొరను చన్నీళ్ళలో ముంచి పిండండి. వేడినీళ్ళు మొదటే పోస్తే ప్రోటీను మురికి గుడ్డకు గట్టిగా అంటుకుంటుంది. పిండిన నీళ్ళు పచ్చగా వస్తున్నంతసేపూ మార్చి మార్చి పిండాలి. నా మటుకు నేను సబ్బు కంటే ఈ చన్నీళ్ళ పనికే ఎక్కువ విలువ ఇస్తాను. యూరియా, లవణాలు నీళ్ళలో ఇట్టే కరిగేవే, వాటిని పోనివ్వడానికి నీళ్ళూ ఓపికా చాలు.

తరువాత ఒక పాలు వెనిగర్‌కు మూడు పాళ్ళ నీళ్ళు కలిపి, మచ్చ ఉన్న పొరలను అరగంట నానబెట్టండి. అమ్మోనియా క్షారం, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం దాన్ని పట్టుకుని లవణంగా మార్చేస్తుంది. ఆ లవణం గాలిలోకి ఎగరదు, జాడిస్తే నీళ్ళతో పోతుంది. వెనిగర్ దొరకకపోతే కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు అడగండి, నీళ్ళలో కరిగిస్తే అదీ ఆమ్లమే. వెనిగర్‌లో వంట సోడా కలిపితే బుసబుస పొంగుతుందని చాలామందికి ముచ్చట. ఆ నురుగు చూసి పని జరుగుతోందనుకోవద్దు. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటే మిగిలేది ఉప్పునీరే. సోడా వాడాలంటే వెనిగర్ జాడించిన తరువాత, ఉతికే నీళ్ళలో విడిగా వేయండి.

అప్పుడు ఎంజైముల వంతు. బట్టలుతికే పొడుల్లో చాలావాటిలో ప్రోటీన్లను, జిడ్డును విరిచే ఎంజైములు ఉంటాయి, ప్యాకెట్టు వెనక చూసి తీసుకోండి. పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే దుకాణాల్లో మూత్రం మరకలకని ప్రత్యేకంగా సీసాలూ దొరుకుతాయి, బరంపురం వైపు ఎవరైనా వెళ్తే తెప్పించుకోండి. ఏదైనా సరే, గోరువెచ్చని నీళ్ళలో కలిపి కొన్ని గంటలు తడిగా ఉంచాలి. చల్లి, తుడిచి, ఆరేస్తే అవి పనిచేయవు. మరిగే నీళ్ళు పోస్తే ఎంజైములు పాడైపోతాయి. గొంగళికి మాత్రం ఈ మందు వాడకండి. ఉన్ని కూడా ప్రోటీనే, మరకతోపాటు దాన్నీ తినేస్తాయి.

జాడించడంలో బద్ధకించవద్దు. మీ బోరునీళ్ళు గనక కఠినమైనవైతే బట్టల సబ్బు వాటితో కలిసి తెట్టులా గుడ్డలో నిలిచిపోతుంది, ఆ తెట్టు కింద వాసన దాక్కుంటుంది. సబ్బు పోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పసుపు నీళ్ళతో కలిపి తెల్లకాగితం మీద పూసి ఆరనివ్వండి. చివర జాడించిన నీళ్ళ చుక్క దానిమీద వేయండి. ఎర్రబడితే క్షారం ఇంకా ఉన్నట్టు, మళ్ళీ జాడించాలి. పసుపు రంగు మారకపోతే చాలు. మనింట్లో కుంకుమ చేసేటప్పుడు పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేదీ ఇందువల్లే. బట్టలు మెత్తబడటానికి పోసే వాసన ద్రవం మాత్రం వేయకండి, అది దారాల మీద పొరలా కప్పుకుని మరుసటిసారి నీళ్ళను లోపలికి పోనివ్వదు.

ఆరబెట్టడానికి ఎండను మించింది లేదు. కానీ ఈ నెలలో వంశధార మీద మబ్బు ఎప్పుడు విడుస్తుందో ఎవరికి తెలుసు? ఎండ రాకపోతే పొరలను విడివిడిగా ఫ్యాను కింద వేయండి. లావు బొంతను తడితో మడిచి పెడితే ముక్కవాసన తోడవుతుంది. ఆరాక మచ్చ ఉన్న చోట కాసిన్ని నీళ్ళు చిలకరించి వాసన చూడండి, పొడిగా ఉన్నప్పుడు దాగినదేదైనా తడికి బయటపడుతుంది. ఇంకా ఉంటే వెనిగర్ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. వాసన పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ చేయకండి.

మళ్ళీ బొంతగా కుట్టకండి. కుక్కకు పరుపులాంటి లావు పక్క వద్దని నా అభిప్రాయం. పాత చీరతో ఒక పక్క తెరిచి ఉండే గలీబు కుట్టి, లోపల నూలు దుప్పటి మడతలు పెట్టండి. తడిసినప్పుడు తీసి ఉతకవచ్చు, వానలోనూ త్వరగా ఆరుతుంది. లోపల నైలాను చీరలు వద్దు, ఒంటి జిడ్డును పట్టుకుని వదలవు.

మీ పక్కింటి గండుపిల్లి సంగతి వేరు. పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే గంధకం కలిసిన పదార్థం ఉంటుంది. అది నెమ్మదిగా విరుగుతూ రోజులు గడిచేకొద్దీ కంపు పెంచుతుంది, మగపిల్లుల్లో మరీ ఎక్కువ. అందుకు వెనిగర్ ఒక్కటే చాలదు, ఎంజైము సీసా తప్పదు. దానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషను చేయిస్తే ఆ ఘాటు బాగా తగ్గుతుంది.

చివరగా చుక్క గురించి. ఇన్నాళ్ళూ బయటికెళ్ళిన కుక్క ఒక్కసారిగా పక్క తడుపుతోందంటే అది పొగరు కాదు. మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, మూత్రపిండాలు బలహీనపడి ఉండవచ్చు, చక్కెర జబ్బు కావచ్చు, వయసుతో పట్టు తప్పి ఉండవచ్చు. కొట్టకండి, ముక్కు తడిలో రుద్దకండి. పక్క తడుపుతోందని నీళ్ళు తగ్గించడం ఇంకా పెద్ద పొరపాటు, మూత్రపిండాల జబ్బు ఉంటే ప్రాణానికే ముప్పు. ఎక్కువ నీళ్ళు తాగుతోందా, మూత్రానికి ముక్కుతోందా, ఎరుపు కనిపిస్తోందా, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. పొద్దున్నే బయటికి తీసుకెళ్ళి, మొదటి మూత్రం శుభ్రమైన గిన్నెలో పట్టి, మూతపెట్టి, ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆయన ఏమన్నారో నాకు వెంటనే రాయండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ