తలంటు నాడే నీళ్లెందుకు నిలుస్తాయి?

విజయవాడ,
ఆదివారం

పిల్లలూ,

"రోజూ స్నానం చేస్తాంగా తాతయ్యా, తలంటుకున్న రోజే బాత్రూంలో పాదాలు మునిగేలా నీళ్లెందుకు నిలబడతాయి?" అని మీలో ఒకరు అడిగారు. దీనికి జవాబు మన రైవస్ కాలువలో దొరుకుతుంది.

కాలువలో గుర్రపుడెక్క చూశారుగా. నడిమధ్యన అది ఆగదు. వంతెన స్తంభం దగ్గర ఒక్క మొక్క చిక్కుకుంటుంది, దాన్ని పట్టుకుని ఇంకోటి, వాటి వేళ్లలో ప్లాస్టిక్ సంచులు. అక్కడ నీటి వేగం తగ్గుతుంది. నెమ్మదించిన నీరు మోసుకొచ్చిన మన్నును అక్కడే దించేస్తుంది. అందుకే ఎండాకాలం కాలువకు నీళ్లు ఆపేశాక పూడిక తీస్తారు. మీ బాత్రూం గొట్టంలో గుర్రపుడెక్క అంటే వెంట్రుకలు, మన్ను అంటే సబ్బు, తలనూనె. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే సబ్బు నురగ రాక తెల్లటి జిడ్డవుతుంది, అదీ వాటికే అంటుకుంటుంది. అలా ఇరుకైన దారిలో రోజువారీ బకెట్టు నీళ్లు ఎలాగో జారిపోతాయి. తలంటు నాటి మూడు బకెట్లు ఒక్కసారిగా వస్తే పోలేవు.

నేలమీది జాలీ ఎత్తితే కింద గిన్నెలాంటిది ఉంటుంది. ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. అందులో సుమారు 2 అంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉండాలి. మురుగు వాసనకూ బొద్దింకలకూ ఆ నీళ్లే తలుపు. సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి కంపు కొడితే ఆ నీళ్లు ఎండిపోయాయన్నమాట. రెండు చెంబులు పోస్తే సరి.

వారానికోసారి తలంట్లు అయ్యాక చేతికి కవరు తొడుక్కుని జాలీ కింది వెంట్రుకలు తీసి చెత్తబుట్టలో వేయండి. నీళ్లు కొట్టి లోపలికి తోయకండి. అడ్డు చెయ్యి అందని వంపులోకి పోతుంది. వెనకటి ఇళ్లలో ఈ బాధ లేదు. పెరట్లో బండమీద కుంకుడుకాయ తలంటు, నీళ్లన్నీ అరటిపాదుకు.

వంటింటి సింకులో పేచీ నూనెతో. వేడిగా ఉన్నప్పుడు సాఫీగా దిగి, చల్లబడ్డాక గొట్టం లోపల పూతలా పేరుకుంటుంది. దానిమీద దోసెల పిండి, గంజి. కడిగే ముందు పెనాన్ని పాత పేపరుతో తుడవాలి (అమ్మకు చెప్పడం కాదు, మీరే తుడవండి). మరిగే నీళ్లు పోస్తే పీవీసీ గొట్టం మెత్తబడుతుంది, చెయ్యి ఓర్చుకునే వేడి చాలు.

కమోడు లోపలి వంపు బయటి 4 అంగుళాల గొట్టం కన్నా సన్నం. తడి టిష్యూలు, ప్యాడ్లు, డైపర్లు అందులో కరగవు. ప్యాడ్లూ డైపర్లూ అయితే ఉబ్బి బిగుసుకుంటాయి. నీళ్లు పైకొస్తే రెండోసారి ఫ్లష్ నొక్కకండి, ఆ ట్యాంకు నీళ్లన్నీ గచ్చుమీదికే. గోడ దగ్గరి కుళాయి కట్టేసి పెద్దవాళ్లను పిలవండి. రబ్బరు పంపు కొట్టేటప్పుడు దాని గిన్నె నీళ్లలో మునిగి ఉండాలి. ఎందుకంటే గాలి నొక్కితే కుదించుకుపోతుంది, నీళ్లు కుదించుకోవు. పదిహేను ఇరవై సార్లు కొట్టాలి. నొక్కినంత గట్టిగా పైకి లాగాలి కూడా. యాసిడ్ సీసా జోలికి మాత్రం వెళ్లొద్దు. బ్లీచింగ్‌తో కలిసిందంటే ఊపిరాడనివ్వని క్లోరిన్ వాయువు పుడుతుంది.

రేపు సాయంత్రం నాన్నతో కాలువ వంతెన మీదికి వెళ్లండి. తేలివచ్చే మొక్క ఒకదాన్ని ఎంచుకుని, అది ఏ స్తంభం దగ్గర ఆగిందో, దాని వెనక నీళ్లు ఎటు తిరిగాయో చూసి నాకు రాయండి.

మీ
తాతయ్య