బస్టర్ కీటన్ బాల్యం: గాయాల లెక్కకు అందని వివాదం

బాలనటుల చేత ఎలాంటి పనులు చేయించవచ్చన్న చర్చ రేగిన ప్రతిసారీ మూకీ చిత్రాల హాస్యనటుడు బస్టర్ కీటన్ పేరు మళ్లీ వినిపిస్తుంది. ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే జో, మైరా దంపతులకు 1895లో అమెరికాలోని కాన్సస్‌లో పుట్టిన ఆ పిల్లవాడు అయిదేళ్ల వయసుకే తల్లిదండ్రులతో రంగస్థలం ఎక్కాడన్నది అందరికీ తెలిసిన కథే. తండ్రి అతణ్ణి హింసించాడా, లేదా అన్నదే ఇప్పటికీ తెగని వాదం.

మాట వినని కొడుకును తండ్రి దారికి తెచ్చుకోవడమే ఆ ప్రదర్శనలోని ఇతివృత్తం. పిల్లవాడి చొక్కా వీపున ఒక పెట్టె పిడి కుట్టి ఉండేది. జో దాన్ని పట్టుకుని అతణ్ణి తెరల మీదికీ, ఒక్కోసారి వాద్యకారులు కూర్చునే గుంటలోకీ విసిరేవాడు. పడ్డాక తాను నవ్వితే జనం నవ్వడం లేదని పసితనంలోనే గ్రహించిన బస్టర్, తర్వాత సినిమాల్లో తన గుర్తుగా నిలిచిన, ఏ భావమూ పలకని ముఖాన్ని అక్కడే అలవరచుకున్నాడు.

పిల్లలపై క్రూరత్వాన్ని అరికట్టేందుకు న్యూయార్క్‌లో ఏర్పడిన సంఘం వారిని వెంటాడింది. అధికారులు బస్టర్ బట్టలు విప్పించి చూస్తే ఒంటిమీద కమిలిన గుర్తులు కనిపించలేదు. 1907లో ఆ నగరంలో ప్రదర్శించకుండా నిషేధం పడింది. రెండేళ్ల తర్వాత కొడుకు వయసు ఎక్కువ చేసి చెప్పి జో మళ్లీ అక్కడ వేదికెక్కాడు. తనకు దెబ్బలు తగలలేదనీ, ఎలా పడాలో తెలిస్తే చాలుననీ కీటన్ చివరిదాకా చెప్పాడు. తండ్రిని సమర్థించేవారు ఆ మాటనే సాక్ష్యంగా చూపుతారు.

అయితే ఈ వివాదాన్ని అర్థం చేసుకోవాలంటే చూడవలసింది నిషేధాన్ని కాదు, 1917 ఆరంభాన్ని. అప్పటికి బస్టర్‌కు 21 ఏళ్లు, జో యాభైకి చేరువయ్యాడు, తాగుడు ముదిరింది. విసిరేవాడి చేయి క్షణం తడబడినా పడేవాడి ఎముక విరిగే ఆట అది. ఇన్నేళ్లూ కొడుకును కాపాడింది ఏ చట్టమో కాదు, మత్తులో లేని తండ్రి చేయి మాత్రమే. ఆ చేయి మీద నమ్మకం పోయిన రోజున తల్లీ కొడుకూ జోను లాస్ ఏంజెలెస్‌లో వదిలి వెళ్లిపోయారు. జీవితమంతా అదే వేదికపై గడిపిన మైరాకు, అక్కడ ఏది నటనో ఏది ప్రమాదమో ఏ పరీక్షాధికారి కంటే బాగా తెలుసు. ఆమె నిర్ణయాన్ని ఈ వాదంలో ఇరుపక్షాలూ పట్టించుకోకపోవడం విచిత్రం.

న్యూయార్క్ చేరిన బస్టర్, వారానికి 250 డాలర్ల రంగస్థల అవకాశాన్ని వదులుకుని, అప్పటి ప్రముఖ హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ చిత్రాల్లో 40 డాలర్లకు చేరాడు. కొన్నేళ్లకు తన చిత్రాల్లో తండ్రికి వేషాలు ఇచ్చాడు. పగ లేదనడానికి ఇది బలమైన ఆధారమే. హింస లేదనడానికి మాత్రం కాదు.

ఒంటిమీద గుర్తులు లేవన్న వాదనను 1924 నాటి సంఘటన మరింత బలహీనపరుస్తుంది. ఒక చిత్రీకరణలో రైల్వే ట్యాంకు నీటి ధాటికి పట్టాలపై పడి మెడ ఎముక విరిగినా కీటన్ పని ఆపలేదు. ఆ సంగతి ఏళ్ల తర్వాత ఎక్స్‌రేలో గానీ బయటపడలేదు.