పనికి కూలిగా క్రిప్టో: అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలోనూ, విజయవాడ మొగల్రాజపురంలోనూ కోచింగ్ పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలకి ‘వెనెజువెలాలో క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బు)తోనే బతుకుతున్నారు’ అనే వీడియోలు తెగ చేరుతున్నాయి. క్రిప్టో ఆదాయం లెక్కలు చూసేవాళ్లంగా వాళ్లకీ, వాళ్ల అమ్మానాన్నలకీ చెప్పాల్సినవి ఇవి.

అపోహ: వెనెజువెలా వాళ్లు క్రిప్టోతోనే బతికారు, మనమూ బతకొచ్చు.

అక్కడి కరెన్సీ బొలివార్‌కి 2018లో అయిదు సున్నాలు, 2021లో మరో ఆరు సున్నాలు కొట్టేశారు. చేతికొచ్చిన జీతం రోజుల్లో కరిగిపోయేది. అందుకని చాలామంది విదేశాల వాళ్లకి డిజైన్, అనువాదం, కోడింగ్ చేసిపెట్టి, డాలరుతో ముడిపడిన క్రిప్టో అయిన టెథర్‌లో కూలి తీసుకున్నారు. డబ్బు పనివల్ల వచ్చింది, క్రిప్టో దాన్ని ఇంటికి చేర్చిందంతే. ఆటలు ఆడి సంపాదిద్దామనుకున్నవాళ్లు దెబ్బతిన్నారు. యాక్సీ ఇన్ఫినిటీ ఆటలో ఇచ్చే టోకెన్ (ఆ ఆట సొంత క్రిప్టో నాణెం) 2021లో 30 అమెరికన్ సెంట్లు దాటి, 2022లో ఒక సెంటు కిందికి పడింది. కొత్తగా చేరేవాళ్లు తగ్గితే ఆ టోకెన్ కొనే దిక్కే ఉండదు.

అపోహ: ఇంట్లో మైనింగ్ మిషన్ పెట్టుకుంటే చాలు.

మైనింగ్ అంటే మిషన్‌తో బిట్‌కాయిన్ లావాదేవీలు సరిచూసి, బహుమతిగా కొత్త బిట్‌కాయిన్లు పొందడం. 3,250 వాట్ల మిషన్ రోజుకి 78 యూనిట్లు లాగుతుంది, నెలకి 2,340. యూనిట్ 9 రూపాయలనుకున్నా బిల్లు 21 వేలు దాటుతుంది. బెజవాడ ఎండల్లో చల్లబరిచే ఖర్చు వేరే. 2024 ఏప్రిల్‌లో బ్లాకుకి (సరిచూసిన లావాదేవీల ఒక కట్టకి) వచ్చే బహుమతి 3.125 బిట్‌కాయిన్లకి, అంటే సగానికి తగ్గింది. కరెంటు చవకగా దొరికే వెనెజువెలాయే గ్రిడ్ తట్టుకోలేక 2024 మేలో మైనింగ్‌ని నిషేధించింది.

అపోహ: ఫ్రీగా ఇచ్చే సతోషీలు పోగేస్తే పెద్ద మొత్తమవుతుంది.

బిట్‌కాయిన్ కోటి రూపాయలనుకుంటే ఒక సతోషి, అంటే దానిలో పదికోట్లో వంతు, పది పైసలు. వంద పోగేస్తే పది రూపాయలు.

అపోహ: టెలిగ్రాం టాస్కులకి మొదట డబ్బులిచ్చారు కాబట్టి నిజమే.

ఆ నూటయాభై, రెండొందలు ఎర. తర్వాత డిపాజిట్ కట్టమంటారు, స్క్రీన్ మీద లాభం చూపిస్తారు, తీసుకోబోతే ‘టాక్స్’ కట్టమంటారు. అక్కడితో ఆపేసి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది.

అపోహ: టెథర్ వాలెట్లో (క్రిప్టో దాచే యాప్‌లో) పడితే పని అయిపోయినట్టే.

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. టెథర్‌ని వేర్వేరు నెట్‌వర్క్‌ల (క్రిప్టో ప్రయాణించే దారుల) మీద పంపొచ్చు, కాబట్టి పంపేవాళ్లదీ, మీదీ ఒకే నెట్‌వర్క్ కావాలి. వాటిలో ఒకటైన ట్రాన్ అడ్రసు ‘టి’ అక్షరంతో మొదలవుతుంది. ముందు 5 టెథర్లు పంపించుకుని, అవి చేరాకే మిగతావి రప్పించుకోండి. ట్రాన్ మీద పంపాలంటే ఫీజుకి కాస్త టీఆర్ఎక్స్ (ట్రాన్ సొంత నాణెం) కూడా వాలెట్లో ఉండాలి, లేకపోతే టెథర్లు కదలవు.

టెథర్లని ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొనే, అమ్మే యాప్)లో నేరుగా మరో మనిషికి అమ్మేటప్పుడు కొనేవాడి పేరూ, డబ్బు వచ్చిన ఖాతా పేరూ ఒకటి కాకపోతే ఆర్డరు రద్దు చేసి డబ్బు వెనక్కి పంపండి. అది ఎవరినో మోసగించి తెచ్చిన సొమ్మయితే పోలీసులకి అందిన ఫిర్యాదు మీద మీ ఖాతా స్తంభిస్తుంది. జీతం, ఇంటి ఖర్చులు నడిచే ఖాతా దీనికి వాడొద్దు. చాట్, ఆర్డరు నంబరు, లావాదేవీ హ్యాష్ (ఆ బదిలీ గుర్తింపు కోడ్) దాచిపెట్టండి. ఖాతా ఆగితే ఏ స్టేషను, ఏ ఫిర్యాదు నంబరో బ్యాంకుని రాతపూర్వకంగా అడగండి.

అపోహ: రూపాయల్లోకి మార్చకపోతే పన్ను లేదు.

కూలిగా 200 టెథర్లు వచ్చిన రోజు ధర 88 రూపాయలైతే, 17,600 ఆ రోజే మీ ఆదాయం, మామూలు శ్లాబు ప్రకారం లెక్క. తర్వాత 90కి అమ్మితే 400 లాభం. దానిమీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం, సెస్సుతో కలిపి 124 రూపాయల 80 పైసలు. అమ్మిన 18,000 మీద ఒక శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను), 180, ఎక్స్ఛేంజ్ కోస్తుంది. అది ఆదాయపన్ను శాఖ పోర్టల్లో మీ పేరున ఉండే పన్ను కోతల పట్టికలో కనిపిస్తుంది, రిటర్ను వేస్తేనే సర్దుబాటవుతుంది. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోవడం కుదరదు. వచ్చిన తేదీ, ఆనాటి ధర అప్పటికప్పుడే నోటుబుక్కులో రాసుకోండి. మార్చిలో వెతికితే దొరకవు.