ఏరు దాటించొచ్చా డాక్టరుగారూ? చంటిపిల్లల ప్రయాణాలు: అపోహలు - వాస్తవాలు

సఖినేటిపల్లి రేవులో పంటు కదలబోతోంది. ఒక మామ్మగారు మనవణ్ణి చీర కొంగు కింద పూర్తిగా కప్పేసి, అరచేత్తో వాడి కళ్ళు మూసి నిలబడింది. ఎందుకండీ అలా అనడిగితే, "మూడో నెల వెళ్ళలేదండి, ఏరు చూడకూడదు" అంది. కొంగు కింద వాడు ఉక్కపోతకి కాళ్ళు తన్నుకుంటున్నాడు. పిల్లల డాక్టర్నని చెప్పుకున్నాక కొంగయితే కాస్త తీసింది గానీ, కళ్ళ మీద చెయ్యి మాత్రం నర్సాపురం రేవు తగిలేదాకా తియ్యలేదు.

కోనసీమ అంటే ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, దిగువన సముద్రం. ఏరు దాటకుండా ఇక్కణ్ణుంచి ఎటూ పోలేం. పుట్టింట్లో పురుడు పోసుకున్న పిల్ల అత్తారింటికి వెళ్ళాలన్నా, హైదరాబాదు రైలెక్కాలన్నా గోదారి అడ్డం. అందుకే నా దగ్గరికొచ్చే అమ్మలు జ్వరం గురించి ఎంత అడుగుతారో, ప్రయాణం గురించీ అంతే అడుగుతారు. రోజూ వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మూడో నెల వచ్చేదాకా బిడ్డని ఏరు దాటించకూడదు.

నెలలు నిండి పుట్టి, బరువు బాగుండి, పాలు బాగా తాగుతున్న బిడ్డ ఏ ఏరైనా దాటొచ్చు. తక్కువ బరువుతోనో నెలలు నిండకుండానో పుడితే మాత్రం మీ డాక్టర్ని అడిగి కదలండి. భయపడాల్సింది ఏటిని చూసి కాదు, జనాన్ని చూసి. పెళ్ళి పందిట్లో నలభై మంది ఎత్తుకుని బుగ్గలు ముద్దాడితే, వాళ్ళలో ఒకరి జలుబు చాలు నెల బిడ్డ ఆసుపత్రిలో పడడానికి. జగ్గన్నతోట ప్రభల తీర్థమైనా, అంతర్వేది కల్యాణమైనా మొక్కు వచ్చే ఏడాది తీర్చుకుంటే దేవుడేం అనుకోడు.

నాకు ఈ నియమం మీద కోపం వేరే కారణానికి. ఒకసారి లంక ఊరు నుంచి నలభై రోజుల బిడ్డని తెచ్చారు. రెండు రోజులుగా ఒళ్ళు కాలిపోతోందట. "ఏరు దాటించకూడదని ఆగామండి." వచ్చేసరికి వాడు పాలు పట్టడం మానేశాడు, ఏడుపు కూడా పిల్లికూన మూలిగినట్టుంది. కాకినాడ పంపించాం, పది రోజులుండి బతికి బయటపడ్డాడు. మూడు నెలల లోపు బిడ్డకి థర్మామీటర్లో 100.4 దాటిందంటే అర్ధరాత్రయినా, గోదారి పోటు మీదున్నా, ఉన్నపళాన బయల్దేరాల్సిందే. ఆ వయసులో జ్వరం ఒక్కటే కనబడుతుంది, లోపల రక్తంలోనో మెదడు పొరల్లోనో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. పైకి చూసి పోల్చలేం.

అపోహ: బయల్దేరే ముందు ఉగ్గుగిన్నెతో కాస్త ఆముదం పడితే కడుపు తేలికపడి దారిలో పేచీ పెట్టదు.

ఆముదం విరేచనాల మందు. కడుపు తేలికపడేది నిజమే, ఎక్కడ పడుతుందన్నదే సమస్య. ఆ మాట అలా ఉంచి, కాళ్ళ మీద పడుకోబెట్టి, ముక్కు మూసి, ఏడుస్తున్న నోట్లో నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఇలాంటి ఎక్స్‌రేలు ఎన్ని చూశానో. ఉగ్గుగిన్నె మీద నాకేం పగ లేదు. పోతపాలు తప్పనప్పుడు ప్రయాణంలో పాలసీసా కన్నా అదే నయం, వేణ్ణీళ్ళతో నిమిషంలో కడిగెయ్యొచ్చు. పోసే పదార్థం గురించే నా గొడవ.

తేనె కూడా అంతే. "ఆయ్, మా కొబ్బరి తోటలో పట్టిందేనండి, కల్తీ ఉండదు" అంటారు. కల్తీ సంగతి కాదు. అసలైన తేనెలోనే బోట్యులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలుండొచ్చు. మన పేగుల్లో అవేం చెయ్యలేవు, ఏడాది లోపు పిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఏడాది నిండేదాకా నాలిక్కి కూడా రాయొద్దు.

అపోహ: గాలి తగలకూడదు, స్వెట్టర్ వేయాల్సిందే.

మే నెలలో, మన ఉక్కలో! మీరు ఎన్ని వేసుకున్నారో బిడ్డకీ అన్నే. ఏసీ పెట్టెలోనో చలికాలంలోనో ఇంకొకటి అదనం. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమట పట్టి ఉంటే విప్పండి. ఏసీ గాలి సూటిగా ముఖానికి కొట్టకుండా చూసుకుంటే చాలు, దానివల్ల ఏ జబ్బూ రాదు.

అపోహ: ఎండ ప్రయాణంలో చంటిబిడ్డకి నీళ్ళు, కొబ్బరి బొండాం పట్టాలి. విరేచనాలైతే బొండాన్ని మించింది లేదు.

ఆరు నెలల లోపు బిడ్డకి తల్లిపాలే నీళ్ళు కూడా. పాలలో 88 శాతం దాకా నీరే. రోహిణి కార్తెలో అయినా మరోసారి రొమ్ముకి పెట్టుకోవడమే, చెంచాడు నీళ్ళు పట్టినా ఆ మేరకు పాలు తాగడం తగ్గుతుంది. బస్సులో నలుగురిలో ఎలాగమ్మా అంటారు. కిటికీ పక్క సీటు, ఓ పల్చటి తువ్వాలు, పక్కన అత్తగారో మొగుడో అడ్డం కూర్చుంటే సరి.

ఇక బొండాం. కోనసీమలో కూర్చుని బొండానికి ఎదురు మాట్లాడితే ఊళ్ళో ఉండనిస్తారా అని భయమే. ఏడాది దాటిన పిల్లకి దాహానికి ఇవ్వండి, మంచిదే. విరేచనాలప్పుడు ఒంట్లోంచి పోయేది ముఖ్యంగా నీరూ సోడియమూ. బొండాంలో పొటాషియం ఎక్కువ, సోడియం చాలా తక్కువ. విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి పట్టే పొట్లం మందు ఓఆర్‌ఎస్‌లో సోడియం, గ్లూకోజు సమపాళ్ళలో ఉంటాయి. గ్లూకోజు పేగు గోడలోంచి లోపలికి వెళ్తూ సోడియాన్ని వెంటబెట్టుకుపోతుంది, దాని వెనకే నీరూ వెళ్తుంది. ఆ లెక్క బొండానికి లేదు. "మన చెట్టు కాయ కన్నా ఈ పొట్లం గొప్పదా డాక్టరుగారూ?" అని ఒకాయన నిజంగానే నొచ్చుకున్నారు. విరేచనాల రోజు గొప్పదేనండి అన్నాను.

పొట్లం కలపడంలోనే అసలు తిరకాసు. నా గదిలో ఓ పొట్లం ఇచ్చి కలిపి చూపించమంటాను. కొందరు గ్లాసు నీళ్ళలో పెద్ద పొట్లమంతా కుమ్మరిస్తారు. కొందరు మూల చింపి చిటికెడు వేసి, మడిచి జాకెట్లో దాచుకుంటారు. చిక్కగా కలిపితే ఉప్పెక్కువై ప్రమాదం, పల్చనైతే పట్టినా దండగ. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్ళలో, ఒకేసారి కలపాలి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది. రెండేళ్ళ లోపు వాళ్ళకి ఒక్కో విరేచనానికి 50 నుంచి 100 మి.లీ., పై వాళ్ళకి 100 నుంచి 200, చెంచాతో నెమ్మదిగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్ళీ మొదలెట్టాలి. తల్లిపాలూ అన్నమూ ఆపకూడదు. ఆరు నెలలు దాటితే రోజుకి 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు జింకు కూడా. పళ్ళొస్తున్నాయి కాబట్టి విరేచనాలు అని సరిపెట్టుకోకండి, పళ్ళకి చొంగ కారుతుంది, చిగుళ్ళు దురద పెడతాయి, అంతే.

పొట్లం కొన్నప్పుడు అట్ట కూడా చదవండి. ఓఆర్‌ఎస్ అని పేరు తగిలించుకున్న తియ్యటి పానీయాలు ఏళ్ళ తరబడి మందుల షాపుల్లో అమ్మారు. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద పట్టుదలగా పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు పెట్టుకోవడానికి వీల్లేదంది. చక్కెర ఎక్కువున్న పానీయం పడితే విరేచనాలు పెరుగుతాయి.

అపోహ: నిద్రమందు కాస్త పడితే రైల్లో హాయిగా పడుకుంటాడు.

మందుల షాపులో అడిగి తెచ్చుకుని మరీ పడుతున్నారు. మత్తు తెచ్చే జలుబు సిరప్పులు, వాంతుల సిరప్పులు రెండేళ్ళ లోపు పిల్లల్లో ఊపిరినే మందగింపజేస్తాయి. ప్రోమెథజీన్ అయితే ఆ వయసుకి నిషిద్ధం. అసలు ప్రయాణపు వాంతులు రెండేళ్ళ లోపు అరుదు, ఆ తర్వాతే మొదలవుతాయి. దీంట్లో నాకు నేను చేసుకున్న నిర్వాకం ఒకటుంది. మావాడికి మూడేళ్ళప్పుడు రాజమండ్రి పెళ్ళికి కారులో బయల్దేరుతూ, దారిలో ఆకలంటాడేమోనని నాలుగు ఇడ్లీలు, గ్లాసుడు పాలు తోశాను. అల్లరి చెయ్యకుండా చేతిలో ఫోను పెట్టాను. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన ఎక్కేలోపే మొత్తం నా కొత్త పట్టుచీర మీద. కడుపు నిండా తినిపించొద్దు, కిందికి వంచి ఫోను చూపించొద్దు, అద్దంలోంచి దూరంగా ఉన్న చెట్లు చూపించమని రోజూ చెప్పేది నేనే.

అపోహ: జలుబు చేస్తే కర్పూరం మూట మెడలో కట్టాలి.

పాకే పిల్ల దేన్నైనా నోట్లో పెట్టుకుంటుంది. కర్పూరం బిళ్ళ మింగితే నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. గుడికి తీసుకెళ్ళే సంచిలో కూడా కర్పూరం పొట్లం పైపైన పెట్టకండి. పనిలో పని, బస్సులో వేయించిన పల్లీలు కూడా నాలుగైదేళ్ళు వచ్చేదాకా వద్దు, గొంతుకడ్డం పడతాయి. పూతరేకు అయితే జీడిపప్పు ఏరేసి ఓ ముక్క పెట్టండి, కాదంటే ఆత్రేయపురం వాళ్ళతో గొడవ.

అపోహ: దగ్గరే కదా, బండి మీద ఒళ్ళో పెట్టుకుంటే చాలు.

మా వీధిలో రోజూ చూస్తాను. ముందు ట్యాంకు మీద పెద్దది, వెనక పక్కకి కూర్చున్న తల్లి, ఆమె ఒక చేతిలో చంటిది, ఇంకో చేత్తో మొగుడి చొక్కా. గుంత వస్తే ఆమె ఏ చెయ్యి వదలాలి? 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం 9 నెలల నుంచి 4 ఏళ్ళ పిల్లలకి హెల్మెట్టూ, పిల్లని నడిపేవాళ్ళకి కట్టి ఉంచే బెల్టూ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. తొమ్మిది నెలల లోపు బిడ్డ మెడ హెల్మెట్ బరువే మొయ్యదు కాబట్టి, బండే వద్దంటాను. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు, ఐదేళ్ళ లోపు పిల్లలకి మొదట్నుంచీ లేదు. మరి బండెందుకు?

దిగేటప్పుడు సైలెన్సర్ తగిలి పిక్క కాలితే పేస్టు, పసుపు, తెల్లసొన పూసి తెస్తారు. అవన్నీ కడగడానికే మాకు అరగంట, పిల్లకి నరకం. పంపు కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు ధారగా పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి.

కారులోనూ ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టడం ముచ్చట కాదు. ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే నలిగేది బిడ్డే.

అపోహ: అమ్మమ్మ ఇంటికి చేరిపోయాం, ఇక భయం లేదు.

ఇది ఎవరూ పైకి అనరు, అందరూ ఇలాగే ఉంటారు. నేను మాత్రం దారి కన్నా ఇంటికే ఎక్కువ భయపడతాను. పట్నంలో మూడో అంతస్తులో పెరిగిన ఏడాదిన్నర పిల్లకి పెరట్లో కుడితి గోలెం కొత్త, దడి అవతల బోదె కొత్త. ఎండాకాలంలో కాలవ కట్టేసి ఉన్నప్పుడు అందులోకి దిగి ఆడుకుంటుంది, జూన్‌లో నీళ్ళు వదిలాక కూడా అది ఆటస్థలమే అనుకుంటుంది. ఇంట్లో పదిమంది ఉంటారు, చూసేదెవరంటే ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళనుకుంటారు.

మునిగే పిల్ల అరుస్తుందనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. నోట్లో నీళ్ళుంటే అరుపెలా వస్తుంది? చప్పుడే ఉండదు. బకెట్టులో రెండంగుళాల నీళ్ళు చాలు, తల బరువుకి ముందుకి వాలితే పైకి లేవలేదు. ఊరెళ్ళగానే చీర మార్చుకోకముందే పెరడంతా తిరిగి చూడండి. గోలెం మీద చెక్క వేయించండి, బకెట్లు బోర్లించండి, దడిలో కంత ఉంటే తాటాకు కుట్టించండి. "ఇప్పట్నుంచి అన్నం తినేదాకా నువ్వు చూడు" అని పేరు పెట్టి ఒకరికి అప్పజెప్పండి.

బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని ఊపడం, బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కడం చేస్తారు. కడుపులో నీళ్ళు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలు వృథా. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే నోట్లో నోరు పెట్టి ముందు ఐదుసార్లు ఊపిరి ఊదండి. ఏడాది లోపు బిడ్డయితే నోరూ ముక్కూ కలిపి మీ నోటితో మూసి ఊదాలి. కదలిక లేకపోతే రొమ్ము మధ్యలో 30 సార్లు, మందంలో మూడో వంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో నొక్కి రెండుసార్లు ఊదాలి. 108 వచ్చేదాకా ఆపకండి. రెండోవాళ్ళు ఫోను చేస్తారు.

అపోహ: ప్రయాణం ఉంది కాబట్టి టీకా తర్వాత వేయిద్దాం.

టీకా జ్వరం చాలావరకు ఒకటి రెండు రోజులది, బరువుని బట్టి పారసెటమాల్ వేస్తే సరిపోతుంది. తేదీ దాటితే ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో వేస్తారు. మనకి బుధ, శనివారాలు టీకా రోజులు. తల్లీబిడ్డ కార్డు మాత్రం పెట్టె అడుగున కాకుండా చేతిసంచిలో ఉండాలి.

ఆ సంచిలో ఇంకేం పెట్టాలని అడుగుతారు. థర్మామీటరు, పారసెటమాల్, దాని అట్ట మీద మీ డాక్టరు రాసిన మోతాదు, ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు, ఉగ్గుగిన్నె. చుక్కల మందూ సిరప్పూ గాఢత వేరు కాబట్టి ఒకదాని మోతాదు ఇంకోదానికి వాడకూడదు.

ఆ మధ్య గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన ఓ అమ్మాయి రాజమండ్రి స్టేషన్ నుంచి ఫోను చేసింది. పిల్లకి రెండుసార్లు విరేచనమైంది, పొట్లాలున్నాయి, లీటరు కొలిచే పాత్ర లేదని ఏడుస్తోంది. ప్లాట్‌ఫారం మీద నీళ్ళ సీసా కొన్నావా అమ్మా అనడిగాను. కొన్నానండి అంది. దాని మీద ఎంత రాసుందో చదవమన్నాను. కాసేపు ఏం వినబడలేదు, ఆనక, "ఆయ్, లీటరేనండి" అంది.